గురికీ ఉక్కపోతకూ మధ్య: క్రీడాకారిణి దుస్తుల శాస్త్రం

దుస్తులను అందానికో మర్యాదకో సంబంధించిన విషయంగా భావించడం లోకంలో పరిపాటి. షూటింగ్ క్రీడలోనూ ఆరుబయట సాగే శిక్షణలోనూ మాత్రం ఒంటిమీది బట్ట చేతిలోని తుపాకిలాగే ఒక పరికరం. దాని మందం, బిగువు, కోత, చెమటను పీల్చే గుణం ఫలితాన్ని మార్చగలవు కనుకనే కొన్ని పోటీల్లో అధికారులు దానిని మిల్లీమీటర్లలో కొలిచి చూసిన తరువాతే క్రీడాకారిణిని బరిలోకి అనుమతిస్తారు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం అనువైన నగరం. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం, కంబాలకొండ అడవి, రుషికొండ ఇసుక తీరం ఒకే ఊరి పరిధిలో ఉండటం వల్ల తుపాకి పట్టే చేతులు, తెరచాప తాళ్లు లాగే చేతులు, పరుగుపందేనికి సిద్ధమయ్యే కాళ్లు ఇక్కడ ఒకే వాతావరణంలో శిక్షణ పొందుతాయి. ఒకరికి మేలు చేసే బట్ట మరొకరికి కీడు చేయవచ్చు. ఏ బట్ట మంచిదో చెప్పాలంటే చేసే పని, చుట్టూ ఉన్న గాలి, ధరించే శరీరం అనే మూడింటినీ కలిపి చూడాలి. స్త్రీల విషయంలో ఎక్కువగా మరుగున పడుతూ వచ్చినది ఈ మూడోదే.

రైఫిల్ కోటు ఎందుకంత బిరుసు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం మధ్యనుండే పదో వలయం వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటర్లు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును వదిలే ఆ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకూ ఉండవచ్చు. దానిని నిలబడి ఎత్తిపట్టిన క్రీడాకారిణి నడుమును కొద్దిగా వెనక్కు వంచి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీదనో పక్కటెముకల మీదనో ఆనించి, కండరాల బలంతో కాక ఎముకల అమరికతో తుపాకి బరువును నేలకు దించుతుంది. ఆ స్థితిలో నడుము వెన్నుపూసల మీద ఒకవైపుగా భారం పడుతుంది, గుండె కొట్టుకోవడం వల్ల కలిగే సూక్ష్మమైన అదురు కూడా తుపాకి గొట్టం కొస దాకా వెళుతుంది. మందపాటి కాన్వాసుతో, తోలుతో కుట్టిన షూటింగ్ కోటు వెన్నుకు ఊతమిస్తూ ఆ అదురును కొంత అణచివేస్తుంది. మోచేతుల దగ్గరా భుజం దగ్గరా అతికిన గరుకు రబ్బరు ముక్కలు తుపాకి జారకుండా పట్టి ఉంచుతాయి.

ఇంత సాయం చేసే కోటుకు హద్దు పెట్టకపోతే పోటీ క్రీడాకారుల మధ్య కాక కోట్ల మధ్య జరుగుతుంది. అందువల్ల 1907లో ఏర్పడిన అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య కోటుకూ ప్యాంటుకూ కఠినమైన కొలతలు నిర్ణయించింది. ఇటీవలి సంవత్సరాల నిబంధనల ప్రకారం బట్ట మందం ఒంటి పొరగా 2.5 మిల్లీమీటర్లను, జంట పొరగా 5 మిల్లీమీటర్లను మించకూడదు. బిరుసుదనాన్ని పరీక్షించేందుకు బట్ట మీద 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్తూపాన్ని ఉంచి, ఒక కిలో బరువు పెట్టినప్పుడు అది కనీసం 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుందో లేదో చూస్తారు. అంతకంటే తక్కువ దిగితే ఆ బట్ట మితిమీరి బిరుసైనదని తిరస్కరిస్తారు. చేతులు కిందికి వదిలి పిడికిలి బిగించినప్పుడు కోటు అంచు ఆ పిడికిలి కిందికి దిగరాదు. ప్యాంటు తుంటి ఎముక అంచు కంటే 50 మిల్లీమీటర్లకు మించి పైకి రాకూడదు. చేతి తొడుగు మొత్తం మందం 12 మిల్లీమీటర్లలోపు, బూటు అడుగు మందం 10 మిల్లీమీటర్లలోపు ఉండాలి. కోటు లోపల వేసుకునే దుస్తులకు కూడా 2.5 మిల్లీమీటర్ల హద్దే వర్తిస్తుంది. వెన్నుకు కృత్రిమంగా ఊతమిచ్చే పట్టీలు, తాళ్లు, బిగింపులు పూర్తిగా నిషిద్ధం.

ఒకే నియమం, వేర్వేరు శరీరాలు

ఈ కొలతలు స్త్రీ పురుషులిద్దరికీ ఒకటే. నియమం సమానంగా ఉన్నంత మాత్రాన కోత కూడా ఒకటే కానక్కరలేదన్న సంగతి క్రీడా ప్రపంచానికి మెల్లగా తెలిసివచ్చింది. 1896 నాటి తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే షూటింగ్ ఉన్నా, స్త్రీలు ఆ క్రీడలో తొలిసారి పాల్గొన్నది 1968లో, అదీ పురుషులతో కలిసి ఆడే పోటీల్లోనే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్ యాభై మీటర్ల రైఫిల్ పోటీలో స్వర్ణం గెలిచిన లానీ బాషమ్‌తో సమానంగా స్కోరు చేసి, సమస్కోరును విడదీసే నియమం వల్ల రజతంతో సరిపెట్టుకున్నారు. మహిళలకు ప్రత్యేక పోటీలు 1984 లాస్ ఏంజెలిస్‌లో మొదలయ్యాయి. పురుషుల కోసం పుట్టిన నమూనాను కొలత తగ్గించి స్త్రీలకు ఇవ్వడమే చాలాకాలం సాగిన పద్ధతి కావడంలో ఆశ్చర్యం లేదు.

అలా కొలత తగ్గించిన కోటు స్త్రీ శరీరం మీద ఎక్కడ విఫలమవుతుందో ఒక్క నియమాన్ని చూస్తే అర్థమవుతుంది. కోటు ఒంటిమీద వదులుగా వేలాడుతున్నదని రుజువు కావాలంటే, మామూలుగా బొత్తాం పెట్టుకునే చోటును దాటి రెండు అంచులూ ఇంకా కనీసం 70 మిల్లీమీటర్లు ఒకదాని మీదికి ఒకటి రావాలి. నిటారుగా కత్తిరించిన కోటు రొమ్ముల దగ్గర సరిపోతే నడుము దగ్గర గుడారంలా వదులవుతుంది, నడుముకు సరిపోతే రొమ్ముల దగ్గరా తుంటి దగ్గరా బిగిసి ఈ పరీక్షలో తప్పుతుంది. అంతేకాక స్త్రీల తుంటి ఎముకలు వెడల్పుగా ఉండటం వల్ల చాలామంది మోచేతిని నేరుగా ఆ ఎముక మీదనే నిలపగలుగుతారు. ఆ ఆధారం దొరికే చోట మడతపడే బట్ట ఉంటే సహజంగా కలిసివచ్చిన అనుకూలత కాస్తా చేజారిపోతుంది. నడుము వంపుకు తగినట్టు పక్క కుట్లు వేసి, ఛాతీ దగ్గర విడి ముక్కలతో కత్తిరించిన కోటు అందుకే అవసరమవుతుంది. కొలతలు ఇచ్చేటప్పుడు పోటీలో ధరించే లోదుస్తులనే వేసుకోవడం, షూటింగ్ భంగిమలో నిలబడి కూడా కొలిపించుకోవడం ఇందులో తొలి పాఠం.

వయసుతో వచ్చే మార్పులు మరో చిక్కు. పద్నాలుగేళ్ల బాలికకు కుట్టించిన కోటు పదిహేడేళ్లకు సరిపోకపోవడం సహజం కనుక, బొత్తాలను జరిపేందుకు అంచులో చోటు వదిలిపెట్టడం దర్జీలందరికీ తెలిసిన ఉపాయమే. ఆ పని చేసిన ప్రతిసారీ 70 మిల్లీమీటర్ల పరీక్షను మళ్లీ చూసుకోవాలి. గర్భిణి కూడా ఈ క్రీడలో పోటీ పడవచ్చని 2012 లండన్ ఒలింపిక్స్‌లో మలేషియాకు చెందిన నూర్ సూర్యానీ తైబీ చూపించారు. ఎనిమిది నెలల గర్భంతో ఆమె ఎయిర్ రైఫిల్ పోటీలో పాల్గొన్నారు. స్త్రీ శరీరానికి ఒకే స్థిరమైన కొలత ఉంటుందనే భావన ఎంత బలహీనమైనదో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

2018 నుంచి మరొక మార్పు వచ్చింది. అంతవరకు మహిళలు పది మీటర్ల పోటీల్లో 40 గుండ్లే పేల్చేవారు, ఆ ఏడాది నుంచి పురుషులతో సమానంగా 60 పేల్చాలని నిర్ణయించారు. దానితో పోటీ వ్యవధి 50 నిమిషాల నుంచి 75 నిమిషాలకు పెరిగింది. సమానత్వ దృష్టితో ఇది ఆహ్వానించదగినదే అయినా, సన్నాహక సమయంతో కలిపి గంటన్నరసేపు ఆ బిరుసు కోటులో నిలబడాలంటే లోపలి బట్ట ఎంపిక మునుపటికంటే ముఖ్యమవుతుంది.

గాజులు, కమ్మలు, మెడ అంచు

పిస్టల్ క్రీడ ఇందుకు పూర్తిగా భిన్నం. ఒక్క చేత్తో, ఏ ఆధారమూ లేకుండా తుపాకి పట్టాలన్నది దాని మూలసూత్రం కనుక బిరుసు కోటుకు అక్కడ చోటు లేదు. బూట్లు కూడా చీలమండను కప్పకుండా ఉండాలి. తుపాకి పట్టిన చేతికి గాజులు, కంకణాలు, చేతి గడియారం, మణికట్టు పట్టీ వంటివేవీ ఉండకూడదని నిబంధనావళి స్పష్టంగా చెబుతుంది. అవి మణికట్టుకు ఊతం కావచ్చుననేదే కారణం. చేతినిండా గాజులను శుభంగా భావించే తెలుగు ఇళ్లలోని బాలికలకు శిక్షకులు మొదటిరోజే వివరించవలసిన నియమమిది. 2018లో తన పదమూడో ఏట జాతీయ సీనియర్ పిస్టల్ టైటిల్ గెలిచి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణమూ మూడు రజతాలూ సాధించిన హైదరాబాద్ క్రీడాకారిణి ఈషా సింగ్ ఈ విభాగానికి చెందినవారే. ఆమె విజయాల తరువాత తెలుగునాట పిస్టల్ పట్ల ఆసక్తి చూపే తల్లిదండ్రులకు ఖరీదైన కోటు అవసరం లేకపోవడం ఒక ఊరట.

అయినా పిస్టల్‌కు దుస్తుల క్రమశిక్షణ లేదనుకోరాదు. ఇరవై అయిదు మీటర్ల పోటీలో వాడే 0.22 అంగుళాల పిస్టల్ పేలిన ప్రతిసారీ ఖాళీ తూటా తొడుగు వేడిగా పక్కకు ఎగిరిపడుతుంది. మెడ అంచు లోతుగా ఉన్న జాకెట్టులోకో కుర్తాలోకో పక్కనున్న వారి తొడుగు జారితే చర్మం కాలడమే కాక, ఉలిక్కిపడిన చేతిలోని తుపాకి ఎటు తిరుగుతుందో చెప్పలేం. మెడ వరకు మూసిన చొక్కా, ముందు అంచున్న టోపీ, కళ్లద్దాలు అందుకే అవసరం. చెవులకు పెట్టుకునే శబ్దరక్షక కప్పుల కింద బుట్టకమ్మలు నొక్కుకుని నొప్పి కలిగించడమే కాక, కప్పుకూ చర్మానికీ మధ్య సందు చేసి శబ్దాన్ని లోపలికి రానిస్తాయి. ఎగిరే మట్టి బిళ్లలను కొట్టే ట్రాప్, స్కీట్ పోటీల్లో తుపాకి వెనక్కు తన్నే దెబ్బను భుజం భరించాలి. తుపాకి వెనుక భాగం ఆనే చోట లోదుస్తుల భుజపట్టీకి లోహపు కొక్కెమో ప్లాస్టిక్ కొలికో ఉంటే వందలాది తూటాలు పేల్చిన సాయంత్రానికి అక్కడ కమిలిన మచ్చ తేలుతుంది. కొక్కేలు లేని, వీపు మధ్యలో కలిసే వెడల్పు పట్టీల స్పోర్ట్స్ బ్రాను అనుభవజ్ఞులు సూచించేది ఇందుకే. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు స్త్రీలు పరుగు కోసం రూపొందించిన ఈ లోదుస్తు షూటింగ్‌లో కొంత వదులుగా ఉండాలి. ఊపిరి వదిలి, తిరిగి పీల్చే ముందు వచ్చే చిన్న విరామంలోనే గుండు పేల్చే క్రీడలో పక్కటెముకలను బిగించే పట్టీ శ్వాసలయను చెడగొడుతుంది.

తుపాకితో తెలుగు బాలికలకు తొలి పరిచయం తరచుగా నేషనల్ కేడెట్ కోర్ ద్వారా జరుగుతుంది. 1948లో ఏర్పడిన ఈ సంస్థలో బాలికల విభాగం మరుసటి సంవత్సరమే మొదలైంది. ఇక్కడ 0.22 రైఫిల్‌ను నేల మీద బోర్లా పడుకుని పేల్చడం నేర్పుతారు. ఆ భంగిమలో చొక్కా ముందు బొత్తాలు రొమ్ము ఎముకకు ఒత్తుకుంటాయి, మోచేతులు గరుకు నేలకు రాసుకుంటాయి, జారిన జడ గురిచూసే కంటికి అడ్డుపడుతుంది. చదునైన బొత్తాలు, మోచేతుల దగ్గర అదనపు అతుకు, బెరే టోపీ కింద ఇమిడే కొప్పు అనే మూడు చిన్న ఏర్పాట్లు ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తాయి. సీసం విషయంలోనూ జాగ్రత్త కావాలి. గుండ్లలోనూ తూటాల మందులోనూ ఉండే సీసపు రేణువులు బట్టలకు అంటుకుంటాయి కనుక అభ్యాసం ముగిశాక చేతులు కడుక్కోకుండా తినకూడదు, ఆ దుస్తులను ఇంట్లోవారి బట్టలతో, ముఖ్యంగా పసిపిల్లల బట్టలతో, కలిపి ఉతకకూడదు.

సముద్రపు గాలిలో చెమట

కోటు విప్పి ఆరుబయటకు వస్తే సమస్య తలకిందులవుతుంది. ఒక గ్రాము చెమట పూర్తిగా ఆవిరైతే శరీరం నుంచి సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి పోతుంది. అయితే ఆవిరి కావాలంటే చుట్టూ గాలిలో చోటుండాలి. విశాఖలో సముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది కనుక రాయలసీమలో కంటే ఉష్ణోగ్రత తక్కువున్న రోజున కూడా ఇక్కడ ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది, కారిన చెమట ఆవిరి కాకుండా ఒంటిమీదే నిలుస్తుంది. ఈ తేమ షూటింగ్ కోటును కూడా వదలదు. తోలు, కాన్వాసు తేమను పీల్చి మెత్తబడతాయి, గాలి ఆడని సంచిలో కట్టిపెడితే బూజు పడతాయి. వాడిన వెంటనే నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయడమే దానికి రక్ష.

నూలు, పాలియెస్టర్ అనే రెండు పోగుల గుణాలు తెలిస్తే ఆరుబయటి దుస్తుల ఎంపిక తేలికవుతుంది. ప్రామాణిక వాతావరణంలో నూలు తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం తేమను ఇముడ్చుకుంటే, పాలియెస్టర్ 0.4 శాతమే తీసుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని ఏకి, సన్నగా వడికి నేసే ఖద్దరు వేసవిలో ఇంట్లోనూ నెమ్మదైన నడకలోనూ ఇచ్చే హాయికి ఈ గుణమే ఆధారం. అదే నూలు బట్ట గంటసేపు పరుగు తరువాత తడిసి బరువెక్కి, చంకలలోనూ తొడల లోపలా చర్మాన్ని ఒరుస్తుంది. సన్నని పాలియెస్టర్ అల్లిక తాను తేమను పీల్చకుండా పోగుల సందుల ద్వారా చెమటను వెలుపలి ముఖానికి పరిచి, గాలి తగిలే వైశాల్యాన్ని పెంచుతుంది. అందుకే బీచ్ రోడ్డు మీద దూరపు పరుగుకు పాలియెస్టర్, బిరుసు కోటు లోపల కదలకుండా నిలబడే రైఫిల్ క్రీడాకారిణికి పలుచని నిండు చేతుల నూలు బనియను మేలు. ఎండలో శిక్షణకైతే యూపీఎఫ్ అనే సంఖ్యను కూడా చూడాలి. యూపీఎఫ్ 50 అంటే సూర్యుని అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతును మాత్రమే ఆ బట్ట లోపలికి రానిస్తుందని అర్థం.

విశాఖ పోర్ట్ హైస్కూలులో చదివిన జ్యోతి యర్రాజీ ఉదాహరణ కోత ప్రాముఖ్యాన్ని మరో వైపు నుంచి చూపుతుంది. వంద మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన తొలి భారతీయ మహిళ ఆమె. 2023లో ఆసియా విజేతగా నిలిచి, 2025లో ఆ టైటిల్‌ను నిలుపుకున్నారు. ఆ పందెంలో 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిళ్లను, రెండింటి మధ్య 8.5 మీటర్ల దూరంలో, వేగం తగ్గకుండా దాటాలి. మోకాలు ఛాతీ దాకా లేచే ఆ కదలికలో వదులు బట్ట ఎక్కడ తగిలినా లయ చెడుతుంది. ఒంటికి అతుక్కునే కురచ దుస్తులు అక్కడ ఫ్యాషన్ కాదు, హర్డిల్ జ్యామితి కోరిన కోత.

సముద్రం మీద మళ్లీ వేరే లెక్క. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌకలో భూగోళాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ సముద్రాల చలిలో, కేప్ హార్న్ వంటి చోట్ల, దుస్తులు మూడు పొరలుగా పనిచేయాలి: చర్మం నుంచి చెమటను లాగేది లోపల, వేడిని నిలిపేది మధ్యలో, నీటినీ గాలినీ ఆపేది పైన. ఇటువంటి దుస్తుల్లోనూ పురుష నమూనా ఎంత ఇబ్బంది పెడుతుందంటే, భుజాల నుంచి పాదాల వరకు ఒకటిగా ఉండే జలనిరోధక ప్యాంటును మూత్రవిసర్జన కోసం ఊగే పడవలో పూర్తిగా విప్పవలసివచ్చేది. వెనుక భాగం మాత్రమే తెరుచుకునేలా జిప్పు పెట్టిన మహిళల నమూనాలు వచ్చాక ఆ కష్టం తీరింది.

ఉక్కు నగరం ఇందుకు ఒక హెచ్చరికను చేరుస్తుంది. పరుగుకు మేలైన పాలియెస్టర్ నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది కనుక కరిగిన లోహం దగ్గర అది ప్రమాదకరం, అక్కడ మంటను తట్టుకునేలా శుద్ధిచేసిన నూలు వంటి బట్టలే కావాలి. శిబిరంలో వంట పొయ్యి దగ్గర కూర్చునే క్రీడాకారిణికి కూడా ఈ ఎరుక అవసరమే.

ఎవరి కోసం నియమం

క్రీడాదుస్తుల మీద పెట్టే నియమాలన్నీ ఒక్క జాతివి కావు. తమ క్రీడకు ఆకర్షణ పెంచుకోవాలనే ఉద్దేశంతో బ్యాడ్మింటన్ ప్రపంచ సమాఖ్య 2011లో మహిళలకు స్కర్టు తప్పనిసరి చేయాలని తలపెట్టి, నిరసనల తరువాత మరుసటి సంవత్సరం విరమించుకుంది. 2021లో బికినీ అడుగుకు బదులు నిక్కర్లు వేసుకున్నందుకు నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. మరోవైపు, టెహ్రాన్‌లో జరిగే ఆసియా ఎయిర్‌గన్ పోటీల్లో తలకు వస్త్రం తప్పనిసరి అన్నందుకు భారత పిస్టల్ క్రీడాకారిణి హీనా సిద్ధూ 2016లో వాటి నుంచి తప్పుకున్నారు. ఒకచోట బట్ట తగ్గించమనడం, మరొకచోట పెంచమనడం కనిపించినా రెండింటిలోనూ ఆటకు సంబంధించిన కారణం లేదు, చూసేవారి దృష్టే ప్రమాణం. మందాన్ని, బిరుసును కొలిచే షూటింగ్ నియమం బట్ట వల్ల గురికి అన్యాయమైన సాయం అందుతున్నదా అని మాత్రమే అడుగుతుంది. శిక్షణశాలలు తమ సొంత నియమాలు రాసుకునేటప్పుడు ఈ తేడాను గీటురాయిగా పెట్టుకోవచ్చు. చున్నీ తీసివేయమని చెప్పడానికి అది తుపాకి యంత్రాంగంలో చిక్కుకుంటుందన్న కారణం సరిపోతుంది, మోకాళ్లు కప్పే ప్యాంటు వేసుకుంటానన్న అమ్మాయిని కాదనడానికి అటువంటి కారణమేదీ దొరకదు.

కుట్టు నైపుణ్యం ఈ ప్రాంతానికి కొరత కాదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వెయ్యి ఎకరాల్లో నెలకొల్పిన వస్త్ర నగరంలో విదేశీ విపణి కోసం బట్టలు కుట్టే కార్మికుల్లో అత్యధికులు స్త్రీలే. కావలసినది సరైన కొలతలతో సరైన ఆర్డరు. 20 జౌళ్లలోపు శక్తిగల 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిళ్లకు భారత ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు కనుక పాఠశాలలు, కళాశాలలు పది మీటర్ల వేదికలు నెలకొల్పడం సాధ్యమే. తుపాకులకు, లక్ష్య యంత్రాలకు నిధులు కేటాయించే సంస్థ బాలురకూ బాలికలకూ కలిపి చిన్న, మధ్య, పెద్ద అనే మూడు సైజుల కోట్లు తెప్పిస్తే ఆ ఖర్చులో సగం వృథా అవుతుంది. ఛాతీ, నడుము, తుంటి కొలతలను విడివిడిగా నమోదుచేసే పత్రం, బట్టలు మార్చుకునేందుకు తలుపున్న గది, కోట్లు ఆరవేసే గాలి తగిలే చోటు, ఏడాదికొకసారి కొలతల పునఃపరిశీలన అనే నాలుగూ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పోటీ ముగిశాక జరిగే తనిఖీలో కోటు కొలత తప్పితే సాధించిన స్కోరు రద్దై అనర్హత వేటు పడేది క్రీడాకారిణి మీదనే తప్ప, కోటు కొన్న సంస్థ మీద కాదు. కనుక ఆ కొలతలను ఆర్డరు పత్రం దగ్గరే సరిచూడటం సంస్థ బాధ్యత.